"ఏడుపు సినిమాలు ఎవరు చూస్తారమ్మా" అన్నవారికి ఒక బహిరంగ లేఖ

పాత తెలుగు సినిమాల నెగటివ్‌లూ హక్కులూ చేతిలో ఉన్న నిర్మాతల వారసులకి, ఆ హక్కులు కొనుక్కుని సినిమాలు ఇంటర్నెట్‌లో పెడుతున్న కంపెనీలవాళ్ళకి, రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ సినిమా వ్యవహారాలు చూసే అధికారులకి,

నమస్కారమండి. ఇన్నేళ్ళు ఆ ఫిల్ము డబ్బాల్ని పారెయ్యకుండా దాచినవాళ్ళు మీలో ఉన్నారు, వాళ్ళకి ముందుగా దణ్ణం పెట్టి విషయానికొస్తా.

నేను విజయవాడలో ఉంటాను, ఒక ప్రైవేటు కాలేజీలో అకౌంట్స్ చూస్తాను, సినిమా ఫీల్డుతో నాకు ఏ సంబంధమూ లేదు. కోతలు పడ్డ ఒక పాత సినిమా గురించి గత ఏడాదిన్నరలో ఒక కంపెనీకి మూడు మెయిల్స్ పెట్టాను, ఒక గవర్నమెంటు ఆఫీసుకి రెండు రిజిస్టర్డ్ ఉత్తరాలు రాశాను. మెయిల్స్‌కి జవాబు రాలేదు. ఉత్తరాల సంగతేంటో కనుక్కుందామని సెలవు పెట్టుకుని వెళితే ఒకాయన కూర్చోబెట్టి మంచినీళ్ళు ఇప్పించి, చాలా మర్యాదగానే, "ఈ రోజుల్లో ఆ ఏడుపు సినిమాలు ఎవరు చూస్తారమ్మా, ఏ మాయాబజారో అయితే ఏదో చెయ్యొచ్చు" అన్నారు. ఆయన్ని తప్పు పట్టడానికి ఇది రాయట్లేదు, మొదట్లో మావారూ అదే మాట అన్నారు, మా కొలీగ్సూ అదే అన్నారు. కానీ ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు ఉంది, అది చెప్పడానికి అక్కడ ఐదు నిమిషాలు కూడా దొరకలేదు కాబట్టి ఇలా అందరి ముందూ చెప్తున్నా.

చూసేది మా అత్తయ్య. ఆవిడకి 84 ఏళ్ళు, పుట్టిల్లు దివిసీమలో ఒక పల్లె. 1955లో వచ్చిన ఒక సినిమా ఉంది, పేరు ఇక్కడ రాయను, రాస్తే ఇదంతా ఆ ఒక్క సినిమా గొడవ, ఆ ఒక్క కుటుంబం గొడవ అయిపోతుంది, మెయిల్స్‌లో రాశాను కాబట్టి తెలియాల్సినవాళ్ళకి తెలుసు. అది పెద్ద హిట్టేం కాదు, గొప్ప సినిమాల లిస్టుల్లో ఎక్కడా కనపడదు. దాన్ని అత్తయ్య 14 ఏళ్ళప్పుడు ఊరి బయట డేరా వేసిన టూరింగ్ టాకీస్‌లో చూసింది. నేల టికెట్టు, ఆడవాళ్ళు ఒక పక్క మగవాళ్ళు ఒక పక్క, ఒకటే ప్రొజెక్టర్ కాబట్టి రీలు అయిపోయినప్పుడల్లా ఆపడం, ఆ గ్యాప్‌లో చంటిపిల్లల తల్లులు పాలిచ్చుకోవడం, సోడాలవాడు తిరగడం. వరసగా మూడు రాత్రులు చూసిందట.

ఆవిడకి బాగా గుర్తున్నది ఒక్క సీను. ఇంటి పెద్ద కోడలు అందరికీ వడ్డిస్తుంది, అందరూ చేతులు కడుక్కుని వెళ్ళిపోయాక వంటింట్లో ఒక్కతే కూచుంటుంది. గిన్నెలో అన్నం లేదు, అడుగున మాడు ఉంది. గరిటె తిరగేసి ఆ మాడు గీకుతుంది. మాట లేదు, పాట లేదు, వెనక మ్యూజిక్ కూడా లేదట, ఆ గీకుడు చప్పుడొక్కటే. వరండాలో పడుకున్న చిన్న మరిదికి ఆ చప్పుడు వినపడి లేచి కూచుంటాడు. అంతే సీను. "ఆ చప్పుడికి మా అమ్మ నా పక్కనే కూచుని కొంగు నోట్లో కుక్కుకుందమ్మాయ్, మా అమ్మ ఏడవడం నేను చూసింది అదే మొదలు" అని చెప్పేది.

ఇది నాకెప్పుడు చెప్పిందంటే నేను కాపరానికి వచ్చిన మొదటి వారంలో. అందరి భోజనాలూ అయ్యాక తిందాంలే అని నేను వంటింట్లోనే ఆగిపోతే, వచ్చి చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి మావయ్యగారి పక్క కుర్చీలో కూచోబెట్టి కంచం పెట్టి అప్పుడు చెప్పింది. తను 16 ఏళ్ళకి కోడలిగా వచ్చి పాతికేళ్ళు అందరికంటే ఆఖరున తిన్నదట, ఆ గరిటె చప్పుడు తన చేతిలోంచే రోజూ వినపడేదట, తన కోడలికి మాత్రం అది వద్దని అప్పుడే అనుకుందట. మా పెళ్ళయి 26 ఏళ్ళయింది. ఈ ఇంట్లో నేను ఒక్కదాన్నే కూచుని అన్నం తిన్న రోజు లేదు.

రెండేళ్ళ కింద ఆ సినిమా ఇంటర్నెట్‌లో దొరికింది. నాకెంత సంతోషమో చెప్పలేను, ఆదివారం మధ్యాహ్నం టీవీకి కనెక్ట్ చేసి పెట్టాను. అత్తయ్య మందులేసుకుని, కళ్ళజోడు కొంగుతో తుడుచుకుని, ఏదో పేరంటానికి వెళ్ళినట్టు కొత్త చీర కట్టుకుని మరీ కూచుంది. వడ్డన సీను మొదలవగానే నా చెయ్యి పట్టుకుంది. వడ్డించడం అయింది, తర్వాత షాట్‌లో తెల్లారిపోయింది, కోడి కూసింది. వెనక్కి తిప్పి మళ్ళీ పెట్టాను. మూడుసార్లు పెట్టాను. "లేదా? అయితే నేనే పొరబడ్డానేమోలే అమ్మాయ్, వేరే సినిమాలోదేమో, ఎవరో చెప్పిందేమో" అంది.

ఆ రోజు తర్వాత ఆ కథ ఆవిడ మళ్ళీ చెప్పలేదు. మా అమ్మాయి ఎంత అడిగినా "ఏమో తల్లీ, నాకు సరిగ్గా గుర్తులేదు" అంటుంది. దాదాపు 70 ఏళ్ళు మనసులో పెట్టుకున్నదాన్ని, ఒక ఇంటి పద్ధతినే మార్చినదాన్ని, ఒక్క మధ్యాహ్నంలో తనే నమ్మడం మానేసింది. ఈ లేఖ రాయడానికి అసలు కారణం అదే.

ఇప్పుడు విషయాలు ఒక్కోటీ రాస్తా.

1. మీరు పెట్టిన కాపీలో సినిమా మొత్తం లేదు. ఇది నా అనుమానం కాదు, లెక్క. మీ కాపీ మొదట్లోనే సెన్సార్ సర్టిఫికెట్ ఉంది, దాని మీద నిడివి 18,000 అడుగుల పైచిలుకు అని ఉంది. 35 ఎంఎం ఫిల్ము ప్రొజెక్టర్‌లో నిమిషానికి 90 అడుగులు నడుస్తుంది. అంటే 200 నిమిషాలు, 3 గంటల 20 నిమిషాల సినిమా. మీరు పెట్టింది 2 గంటల 24 నిమిషాలు. దగ్గర దగ్గర గంట సినిమా లేదు, వెయ్యి అడుగుల రీలుకి 11 నిమిషాలు వేసుకుంటే ఐదు రీళ్ళు. ఇంకో సాక్ష్యం కూడా ఉంది. అత్తయ్య దాచుకున్న పాటల పుస్తకాలన్నీ పుట్టింట్లో ట్రంకుపెట్టెలో ఉండేవి, 1977 నవంబరు ఉప్పెనలో ఇంటితో పాటే పోయాయి. నేను ఏలూరు రోడ్డులో పాత పుస్తకాల షాపులు పట్టుకుని తిరిగి తిరిగి ఆ సినిమాదే ఒక పాటల పుస్తకం సంపాదించాను. పన్నెండు పేజీలు, పిన్నులు తుప్పు పట్టి కాయితానికి మరకలు దిగాయి. అందులో 11 పాటలున్నాయి, మీ కాపీలో ఏడు. కథ కూడా వేశారు గానీ ఆ రోజుల్లో అన్ని పాటల పుస్తకాల్లాగే సగం చెప్పి "శేషం వెండితెరపై చూడండి" అని ఆపేశారు. వడ్డన సీను దాకా ఉంది కథ, అక్కడ ఆగింది. ఆ శేషం ఇప్పుడు ఏ వెండితెర మీద చూడాలి మేము?

ఎవరు కత్తిరించారో నాకు తెలీదు, మీరే అనట్లేదు. మా ఊరి గాంధీనగర్‌లో సినిమా డిస్ట్రిబ్యూటర్ల ఆఫీసులు కళకళలాడే రోజుల్లో మేనేజర్‌గా చేసిన ఒక పెద్దాయన్ని వెతుక్కుంటూ వెళ్ళాను. ఆయన చెప్పిందేంటంటే సెకండ్ షో లేటైపోతోందని థియేటర్లో ఒక రీలు లేపేసేవాళ్ళు, ప్రింటు తెగిన చోట నాలుగడుగులు కోసి అతికించేవాళ్ళు, ఆ తర్వాత టీవీ వచ్చాక యాడ్స్‌కి చోటు కోసం ఇంకొంత కోశారు, టీవీ కోసం టేపు మీదకి ఎక్కించినదాన్నే ఇప్పుడు ఇంటర్నెట్‌లో పెడుతున్నారు. కోసినప్పుడు ఏది కోస్తారండీ అని అడిగా. "కథ నడవని చోట కోస్తాం" అన్నారు. ఫైటు కొయ్యరు, హీరోయిన్ డ్యాన్సు కొయ్యరు. వంటిల్లు, మంచం పట్టిన మనిషి, గుమ్మంలో నిలబడి మాట రాక ఆగిపోయిన ఆడమనిషి, అవి పోతాయి. మరి ఆ సినిమాల్లో అవే కదా సినిమా.

2. ఉన్న బొమ్మ కూడా సరిగ్గా లేదు. ఆ రోజుల బ్లాక్ అండ్ వైట్ సినిమా బొమ్మ దాదాపు నాలుగుకి మూడు కొలతలో ఉంటుంది, ఇప్పటి టీవీ నిండాలని దాన్ని అడ్డంగా లాగేస్తున్నారు, లేదా పైనా కిందా కోసేస్తున్నారు. లాగితే ముఖాలు వెడల్పయిపోతాయి, కోస్తే నుదుటి మీద బొట్టు పోతుంది, కింద చేతులు పోతాయి. ఏడుపు సినిమా అంటే క్లోజప్పులండి. డైలాగు కంటే ముందు పెదవి అదరడం కనపడాలి, చేతిలో కొంగు చివర నలపడం కనపడాలి. వాటి మీద మీ కంపెనీ లోగో, ఫోన్ నంబరు. ఒక పాటలో అయితే హీరోయిన్ కన్ను మీదే లోగో పడింది పాట అయ్యేదాకా. ఇంకోటి, చాలా కాపీల్లో టైటిల్స్ సగం లేవు. దాంతో చిన్న వేషాలు వేసినవాళ్ళ పేర్లు, ఎడిటర్ పేరు, కోరస్ పాడినవాళ్ళ పేర్లు ఉండవు. వాళ్ళ మనవలు ఎక్కడో ఉంటారు, మా తాతయ్య ఈ సినిమాకి పనిచేశారని చెప్పుకోడానికి వాళ్ళ దగ్గర ఏముంటుంది?

3. ఈ సినిమాలు ఎందుకు కావాలో చెప్తా, ఇది కొంచెం పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

వీటిని ఏడుపుగొట్టు సినిమాలు అంటారు, లేడీస్ సెంటిమెంట్ అంటారు. నేనూ చిన్నప్పుడు అలాగే అనుకునేదాన్ని. అత్తయ్యతో కూచుని ఈ పదేళ్ళలో ఓ యాభై దాకా చూశాక నాకు అర్థమైందేంటంటే, ఆ రోజుల్లో ఇంట్లో ఎవరూ పైకి అనలేని మాటలన్నీ వీటిల్లో ఉన్నాయి. 1955లో హిందూ వివాహ చట్టం వచ్చింది, ఒక భార్య ఉండగా ఇంకో పెళ్ళి చెల్లదని దేశమంతటికీ చెప్పింది. 1956లో వారసత్వ చట్టం వచ్చింది, అంతకుముందు భర్త పోయినావిడకి ఆస్తిలో ఉన్న హక్కు బతికున్నన్నాళ్ళు అనుభవించడానికే, అమ్ముకునే అధికారం లేదు. వరకట్న నిషేధ చట్టం 1961లో వచ్చింది. ఇప్పుడు ఆ పదేళ్ళ సినిమాలు చూడండి, సవతి, వాటాలు, కట్నం బాకీ, పుట్టింటికి పంపేసిన కోడలు, అన్నీ ఇవే. చట్టం చదవడం రాని ఆడవాళ్ళు నేల టికెట్టు కొనుక్కుని వాటి గురించి ఆలోచించింది ఆ డేరాల్లోనే. అవే సినిమాల్లో అన్నగానూ భర్తగానూ వేసిన రామారావు గారు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడే 1985 సెప్టెంబరు నుంచి మన రాష్ట్రంలో ఆడపిల్లకి ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమానంగా వాటా వచ్చింది. సినిమా వల్ల వచ్చిందని నేను అనట్లేదు. కానీ ఆ గొడవ ఇళ్ళల్లో ఎలా ఉండేదో తెలుసుకోవాలంటే గెజిట్‌లో దొరకదు, ఈ సినిమాల్లో దొరుకుతుంది.

జబ్బుల సంగతీ అంతే. క్షయ అంటే అప్పట్లో మనిషిని మదనపల్లె శానిటోరియంకి పంపి ఇంట్లో అందరూ ఊపిరి బిగబట్టుకుని ఉత్తరం కోసం చూడటం. ఇప్పుడు నవ్వొచ్చే ఆ దగ్గు సీన్లు, గ్లాసు విడిగా పెట్టడాలు, చేతిరుమాల్లో రక్తం చుక్క, ఇవి అప్పుడు చూసినవాళ్ళలో సగం మందికి సొంత ఇంట్లో జరిగినవే. అత్తయ్య చిన్న మేనత్త అలాగే పోయింది.

ఇంకో మాట, ఈ కథలు చౌకబారువి అనుకునేవాళ్ళకి. వీటిల్లో చాలావాటికి మూలం బెంగాలీ నవలలు. 1957లో ఆదుర్తి సుబ్బారావు గారు తీసిన తోడికోడళ్ళు శరత్ చంద్రుడి నిష్కృతి, మన ఆడవాళ్ళు శరత్‌ని తెలుగాయనే అనుకుని చదివిన కాలం అది. బి.ఎన్. రెడ్డి గారు 1955లో తీసిన బంగారు పాపకి మూలం ఇంగ్లండులో జార్జ్ ఇలియట్ రాసిన నవల, పాలగుమ్మి పద్మరాజు గారు మాటలు, కృష్ణశాస్త్రి గారు పాటలు. మనుషుల మీద నమ్మకం పోయి బండబారిపోయిన ఒక మొరటు మనిషికి ఒక పసిపిల్ల దొరకడం, ఆ పిల్ల చేతుల్లో వాడు మళ్ళీ మనిషవడం, అంతే కథ, ఎస్వీ రంగారావు గారు ఆ పిల్లని మొదటిసారి ఎత్తుకునేటప్పుడు ఆ పెద్ద చేతులు ఎక్కడ పెట్టాలో తెలియక తడబడినట్టు ఉంటుంది చూడండి, అది నేను ఎన్నిసార్లు చూశానో. అదే ఏడాది వచ్చిన సంతానం సినిమాలో లతా మంగేష్కర్ గారు తెలుగులో పాడిన జోలపాట ఇవాళ్టికీ మా వీధిలో పాటల ప్రోగ్రాం పెడితే ఎవరో ఒకరు అడుగుతారు. అలాగే సావిత్రి గారు నటించిందే అందరికీ తెలుసు, ఆవిడ డైరెక్ట్ చేసిన చిన్నారి పాపలు సంగతి ఎంతమందికి తెలుసు? 1968లో ఆవిడ డైరెక్షన్, పి. లీల గారి సంగీతం, కథ దగ్గర్నుంచి ఆర్ట్ దాకా ఆడవాళ్ళు పూనుకుని తీసిన సినిమా. ఇవి కనీసం పేర్లయినా మిగిలినవి. పేరు కూడా మిగలనివి వీటికి ఎన్నో రెట్లు ఉన్నాయి, నా బాధ వాటి గురించి.

ఆ పేరు మిగలనివాటిల్లో ఏముంటుందంటే, పెద్ద హీరో ఉండడు, సెట్టు చిన్నది, ఒకే వరండా నాలుగు ఇళ్ళుగా కనపడుతుంది, కథ ఒక్కోసారి నమ్మలేనంత మలుపు తిరుగుతుంది. కానీ మధ్యలో ఎక్కడో ఒక చోట, పెద్ద సినిమావాళ్ళకి చూపించే తీరిక లేని ఒక చిన్న పని చూపిస్తారు. దీపం ఒత్తి తగ్గించడం, తాకట్టు పెట్టిన గాజుల చోట పసుపుతాడు కట్టుకోవడం, కొడుకు రాసిన ఉత్తరం చదవడం రాక పక్కింటి పిల్లాడితో చదివించుకోవడం, వాడు చదవలేక ఒక లైను మింగేయడం. అలాంటి ఒక్క నిమిషం కోసం నేను మూడు గంటలు కూచుంటాను, కూచున్నందుకు ఎప్పుడూ బాధపడలేదు.

4. టైం లేదు. ఇది మీకు నాకంటే బాగా తెలుసు కానీ బయటివాళ్ళ కోసం చెప్తున్నా. 1950ల మొదటి దాకా వాడింది నైట్రేట్ ఫిల్ము, అది అంటుకుంటే ఆర్పడం కష్టం, 2003 జనవరిలో పుణెలో నైట్రేట్ ఫిల్ములు పెట్టిన వాల్టులో మంటలొచ్చి పాత సినిమాలు ఎన్నో బూడిదయ్యాయి. తర్వాత వచ్చిన ఎసిటేట్ ఫిల్ము అంటుకోదు గానీ వేడికీ తేమకీ లోపల్లోపలే కుళ్ళిపోతుంది, కుళ్ళినప్పుడు వెనిగర్ వాసన వస్తుంది. ఇది పుస్తకాల్లో చదివి చెప్పట్లేదు. ఇందాక చెప్పిన పెద్దాయన తన ఇంటి డాబా మెట్ల కింద ఉన్న ఒక డబ్బా తీయించారు. మూత తుప్పుకి బిగుసుకుపోయి స్క్రూడ్రైవర్‌తో తిప్పాల్సి వచ్చింది. మూత లేవగానే ఆవకాయ జాడీ పాడైపోయినప్పుడు వచ్చే పులిసిన వాసన ముక్కుకి కొట్టింది, కళ్ళు మండాయి. లోపల ఫిల్ము చుట్ట చుట్టగా లేదు, కరిగి గడ్డకట్టిన బెల్లం అచ్చులాగా ఉంది, అంచు పట్టుకుంటే పొరలు పొరలుగా విరిగింది. ఒక చిన్న ముక్క వెలుతురుకి పెట్టి చూస్తే ఒక గుమ్మం, గుమ్మానికి తోరణం, పక్కన నిలబడ్డ మనిషి ముఖం దగ్గర తెల్లగా బుడగలు. ఏ సినిమానో ఆయనకీ గుర్తులేదు, డబ్బా మీద చీటీ ఊడిపోయింది. "వెండి తీయడానికి కేజీల లెక్కన కొనుక్కెళ్ళేవాళ్ళమ్మా, కనీసం ఇది మిగిలింది" అన్నారాయన. బ్లాక్ అండ్ వైట్ ఫిల్ములో వెండి ఉంటుంది కదా, ఆ వెండి కోసం ఎన్ని సినిమాలు ఉడికించేశారో.

మన మొదటి టాకీ భక్త ప్రహ్లాద, 1932 నాటిది, ఒక్క కాపీ కూడా లేదు. దాని మీద ఇప్పటికీ ప్రతి ఏడాదీ బాధపడుతున్నాం, తేదీ గురించి వాదించుకుంటున్నాం. 1950లవి కూడా పోయాక మళ్ళీ ఇలాగే కూచుని బాధపడదామా?

5. "హక్కులు మావి, మా ఇష్టం" అనేవాళ్ళకి. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం సినిమా మీద హక్కు విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్ళు. అంటే 1955లో వచ్చిన సినిమా మీద ఆ హక్కు 2015తోనే అయిపోయింది. కథ రాసినవాళ్ళవీ పాటలు కట్టినవాళ్ళవీ హక్కులు వేరే, వాళ్ళు పోయాక 60 ఏళ్ళ దాకా ఉంటాయి, వాటిని నేను కాదనను, ఇవ్వాల్సింది వాళ్ళకి ఇవ్వాల్సిందే. కానీ సినిమా జనానిదయ్యింది, డబ్బా మాత్రం మీ గదిలో ఉంది. తాళం మీ చేతిలో ఉన్నంతకాలం మా చేతికి వచ్చింది వచ్చినట్టు కాదు. పుస్తకానికైతే 1954 నుంచి చట్టం ఉంది, అచ్చేసిన ప్రతివాళ్ళూ కలకత్తా నేషనల్ లైబ్రరీకి ఒక కాపీ పంపాలి. సినిమాకి అలాంటి చట్టమే లేదు. అందుకే మాలాంటివాళ్ళం ఇలా ఉత్తరాలు రాసుకుంటూ మిమ్మల్ని బతిమాలుకోవాల్సి వస్తోంది.

డబ్బులు లేవు, తెలిసినవాళ్ళు లేరు అంటే నేను ఒప్పుకోను. 2022లో కేంద్రం 2,200 సినిమాలు బాగుచేయడానికి 363 కోట్లు ప్రకటించింది. 2019 డిసెంబర్‌లో ఫిల్ము ఎలా శుభ్రం చేయాలో ఎలా అతకాలో నేర్పే వర్క్‌షాప్ హైదరాబాద్‌లోనే జరిగింది. 2024 సెప్టెంబరులో అక్కినేని గారి వందేళ్ళకి ఆయన పది సినిమాలు దేశమంతా థియేటర్లలో వేశారు, జనం వెళ్ళి చూశారు. అంటే చేద్దామనుకుంటే అవుతోంది. కాకపోతే ఎప్పుడూ అవే సినిమాలు. పెద్ద పేరున్నవాటిని నాలుగోసారి బాగుచేసే ముందు, ఒక్కసారి కూడా ఎవరూ మూత తియ్యని డబ్బా సంగతి చూడమంటున్నా.

ఇక అడిగేవి.

వారసులకి: మీ అమ్మగారో తాతగారో నగలు తాకట్టు పెట్టి తీసిన సినిమాలు అవి, మీకు వాటి విలువ నేను చెప్పక్కర్లేదు. ఈ ఎండాకాలం రాకముందే డబ్బాల మూతలు ఒకసారి తీయించండి. వెనిగర్ వాసన వస్తున్నవాటిని బాగున్నవాటి నుంచి విడిగా పెట్టండి, ఒకదాన్నుంచి ఇంకోదానికి పాకుతుంది అది. పుణెలో ఉన్న నేషనల్ ఫిల్ము ఆర్కైవ్‌లో డిపాజిట్ చేస్తే మీ హక్కులు మీకే ఉంటాయి, దాచడం వాళ్ళు చూసుకుంటారు. ఏ సినిమావి ఏ రీళ్ళు ఉన్నాయో ఒక కాయితం మీద రాసి బయటపెట్టండి చాలు, మొదట అంతకంటే ఏమీ అడగట్లేదు.

కంపెనీలవాళ్ళకి: సెన్సార్ నిడివి ఎంతో, మీ దగ్గర ఉన్నది ఎంతో రెండూ సినిమా కిందే రాయండి. తగ్గితే తగ్గిందని రాయండి. ఇది రూపాయి ఖర్చు లేని పని. ఆ ఒక్క లైను ఉండి ఉంటే మా అత్తయ్య తన జ్ఞాపకాన్ని అనుమానించేది కాదు, కోసేశారు కాబోలు అనుకునేది. బొమ్మని లాగొద్దు, పక్కల నలుపు ఉంటే ఉండనివ్వండి. లోగో మూలకి పెట్టుకోండి. టైటిల్స్ కొయ్యొద్దు. మెయిల్ పెట్టినవాళ్ళకి ఉందనో లేదనో జవాబివ్వండి.

అధికారులకి: 1970కి ముందు వచ్చిన తెలుగు సాంఘికాలన్నిటికీ ఒక లిస్టు చేయించండి, ఏది పూర్తిగా ఉంది, ఏది ముక్కలుగా ఉంది, దేనికి పాటల పుస్తకం తప్ప ఏమీ లేదు. రెండు రాష్ట్రాలూ కలిసి చెయ్యాలి, సినిమాకి విభజన లేదు, అవన్నీ మద్రాసులో తీసినప్పుడు మనమందరం ఒకే డేరాలో కూచున్నాం. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో చల్లగా పొడిగా ఉండే ఒక వాల్టు కట్టించండి. ఇంకొకటి, దీనికి మాత్రం అస్సలు ఆలస్యం చెయ్యొద్దు, 80 దాటినవాళ్ళ దగ్గర కూచుని వాళ్ళు చూసిన సినిమాలు వాళ్ళ మాటల్లోనే రికార్డు చేయించండి. ఏ సీను ఎక్కడ పోయిందో చెప్పగలిగేది ఇప్పుడు వాళ్ళే. కాలేజీ పిల్లలకి సెల్‌ఫోన్లు ఉన్నాయి, ప్రాజెక్టు కింద ఇస్తే వాళ్ళే చేస్తారు, మా కాలేజీ నుంచి నేను పదిమందిని పంపిస్తా.

దీనికి మూడు నెలల్లో జవాబు రాకపోతే సమాచార హక్కు కింద అర్జీ పెడతాను, నాలాగే వెతుక్కుంటున్నవాళ్ళు ఇంకా ఉన్నారు, వాళ్ళచేత కూడా పెట్టిస్తాను. కోపంతో చెప్పట్లేదు, ముందే తెలియాలని చెప్తున్నా.

చివరిగా ఆ 1955 సినిమా నెగటివ్ ఎవరి దగ్గరుందో వాళ్ళకి ఒక్క మాట. అత్తయ్యకి ఈ మధ్య చూపు బాగా తగ్గిపోయింది, శుక్లాలు తీయించినా పెద్ద తేడా రాలేదు, టీవీలో మనిషి ఎవరో గొంతుని బట్టి పోల్చుకుంటోంది. చెవులు మాత్రం బాగున్నాయి. సినిమాకి బొమ్మ నెగటివ్ వేరు, సౌండ్ నెగటివ్ వేరు, విడివిడి డబ్బాల్లో ఉంటాయని గాంధీనగర్ పెద్దాయన చెప్పారు. బొమ్మ పాడైపోయినా సౌండ్ నిలిచిన సందర్భాలు ఉంటాయట. వడ్డన సీను తర్వాతి రీలు సౌండ్ డబ్బా మీ దగ్గర ఉందేమో ఒకసారి చూసి చెప్పండి, ఆ గరిటె చప్పుడు ఒక్కటి చాలు ఆవిడకి.

ఇట్లు,
ఒక కోడలు,
విజయవాడ.